‘ఆమె’ నుంచి ‘నువ్వు’ దాకా: 2010 తరువాత రికీ మార్టిన్ పాట

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది అమెరికా పాలనలోని కరీబియన్ ద్వీపం ప్వెర్టో రికోకు చెందిన గాయకుడు రికీ మార్టిన్ గురించి. 2010 మార్చి 29న ఆయన తన వెబ్‌సైట్‌లో ఒక ఉత్తరం పెట్టి, తాను గే అని, అది చెప్పడానికి గర్విస్తున్నానని, తానొక అదృష్టవంతుడినని లోకానికి తెలియజేశారు. అప్పటికి ఆయన వయసు 38. పాడటం వృత్తిగా మొదలుపెట్టి పాతికేళ్ళు దాటాయి. ఆ ఉత్తరం గురించి ప్రపంచమంతా మాట్లాడింది కానీ, దాని తరువాత వచ్చిన పాటలను శ్రద్ధగా విని మాట్లాడినవాళ్ళు చాలా తక్కువ. నాకు ఆ పాటలు ముఖ్యం. ఆ ఉత్తరం తరువాత ఆయన పాటల్లోని ‘నేను’ ఎలా మారింది, వేదిక మీద ఆయన దేహం చెప్పేది ఏమైనా మారిందా, మారకుండా మిగిలినదేమిటి అన్నంతవరకే నేను పరిమితమవుతాను.

ముందుగా మనం వాడే మాటల సంగతి చూడాలి. మన పత్రికలు చాలా ఏళ్ళుగా ‘స్వలింగ సంపర్కుడు’ అని రాస్తూ వచ్చాయి. ఆ మాట ఒక మనిషిని ఒక్క పడకగదికి కుదించివేస్తుంది. ఆ మనిషి ప్రేమకు, బెంగకు, ఇంటికి, బిడ్డలకు అందులో చోటు లేదు. అందుకే నేను ‘గే’ అనే అంటాను. ఆ సముదాయంలోని వారు తమను తాము పిలుచుకునే మాట అది. ఇక ‘కమింగ్ అవుట్’ అన్నదానికి ‘బయటపడటం’ అందామా అంటే, మన భాషలో బయటపడేవి దొంగతనాలు, కుంభకోణాలు, దాచిన గుట్లు. రికీ మార్టిన్ బయటపడలేదు. పదేళ్ళపాటు ఆయనను బయటపెట్టాలని ఎందరో చూశారు, వారెవరి చేతికీ ఆయన చిక్కలేదు. తన సంగతి తానే, తన మాటల్లో, తనకు కుదిరిన రోజున చెప్పుకున్నారు. ఆయన సంగీతాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడా తెలియడం అవసరం.

1998లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు కోసం ఆయన పాడిన ‘లా కోపా దె లా విదా’ను నేను మా ఇంట్లో కేబుల్ టీవీలో మొదటిసారి విన్నాను. స్పానిష్ ముక్క రాదు. ఆ ఇత్తడి బాకాలు, ఆ డోళ్ళు, అన్నిటికంటే ముందు ఆ నడుము ఊపు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గ్రామీ వేడుకలో ఆయన అదే పాట పాడినప్పుడు హాలంతా లేచి నిలబడింది. ఆ తరువాత నెల రోజులకు ‘లివిన్ లా విదా లోకా’ వచ్చింది. అది అమెరికా పాటల పట్టికలో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తన పేరుతోనే వెలువడిన ఆయన మొదటి ఇంగ్లీషు ఆల్బమ్ ఆ దేశంలో తొలి వారంలోనే 6,61,000 ప్రతులు అమ్ముడుపోయింది. లాటిన్ సంగీతం అమెరికా మార్కెట్టును ముంచెత్తిందని పత్రికలు రాశాయి. నిజానికి లాటిన్ సంగీతం ఆ దేశంలో అంతకు ముందు దశాబ్దాల నుంచీ ఉంది; 1999లో కొత్తగా వచ్చింది లాటిన్ మగవాడు అనే ఒక అమ్మకపు సరుకు. తోలు ప్యాంటు, సగం విప్పిన చొక్కా, ఆడవాళ్ళ గుంపు మధ్య నవ్వుతున్న ముఖం. ఆ సరుకును భుజాన మోసినవాడు రికీ మార్టిన్.

అయితే ఆ సరుకు తయారీ 1999లో మొదలు కాలేదు. 1971 డిసెంబరు 24న ప్వెర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లో పుట్టిన ఎన్రికె మార్తిన్ మొరాలెస్ అనే బాలుడు, పన్నెండేళ్ళ వయసులో, 1984లో, మెనూడో అనే బాలుర పాటల బృందంలో చేరాడు. ఆ బృందం పద్ధతి విచిత్రంగా ఉండేది: పిల్లవాడు కాస్త పెద్దవాడు కాగానే అతన్ని పంపించి మరొక పిల్లవాడిని తెచ్చేవారు. బృందం శాశ్వతం, పిల్లలు తాత్కాలికం. దక్షిణ అమెరికా నుంచి ఫిలిప్పీన్స్ దాకా వేలమంది బాలికలు వారి కోసం కేకలు వేసేవారు, ఆ కేకల కోసం ఎక్కడ నవ్వాలో, ఎక్కడ కన్ను గీటాలో, ఎప్పుడు తల ఒంచాలో వారికి నేర్పేవారు. పన్నెండు నుంచి పదిహేడేళ్ళ మధ్య, మనిషి తనెవరో తాను తెలుసుకునే వయసంతా, ఈ పిల్లవాడు ఇతరుల కోరికకు అద్దంగా ఉండటం సాధన చేశాడు. ఆయన తరువాతి జీవితంలోని మౌనానికి పిరికితనమని పేరు పెట్టేవారిని నేను ఒప్పుకోలేనిది ఇందుకే. ఆ మౌనం ఆయనకు ఉద్యోగపు తొలి పాఠంగా నేర్పినది.

ఇప్పుడు ఆ రోజుల పాటల్లోకి వెళ్దాం. 1995 నాటి ‘మరియా’, 1999 నాటి ‘లివిన్ లా విదా లోకా’, 2000 నాటి ‘షీ బ్యాంగ్స్’. మూడింటిలోనూ కేంద్రంలో ఒక స్త్రీ ఉంటుంది, ఆమె ప్రథమ పురుషలో, అంటే ‘ఆమె’గానే, ఉంటుంది. ఆమె ఎలాంటిదో, ఆమె ఏం చేస్తుందో, ఆమె మగవాడిని ఎక్కడికి లాక్కుపోతుందో ఆ పాటలు చెబుతాయి. ‘లివిన్ లా విదా లోకా’లో ఆమె నల్ల పిల్లులను, చేతబడి బొమ్మలను నమ్మే మనిషి, మగవాడు ఆమె వెంట కొట్టుకుపోతాడు. చాలా ఏళ్ళ తరువాత ఈ మూడు పాటలను వరుసగా విన్నప్పుడు నాకు ఒకటి తట్టింది. ఇంత కోరిక నిండిన పాటల్లో పాడే మగవాడి కోరిక ఎక్కడా లేదు. అతనికి అన్నీ జరుగుతుంటాయి. అతను మాత్రం ఏదీ కోరడు. ఆమె వర్ణన ఉంది, అతని మనసు లేదు. ఇది రాసినవారు కావాలని చేసిన పని అని నేను అనను. పైగా ‘లివిన్ లా విదా లోకా’ను రాసిన ఇద్దరిలో ఒకరు మెనూడోలో రికీతో కలిసి పాడిన డ్రాకో రోసా, మరొకరు క్యూబా తల్లికి పుట్టిన డెస్మండ్ చైల్డ్. ఈ చైల్డ్ స్వయంగా గే. లాటిన్ మగతనానికి జెండాగా ఎగిరిన పాట పుట్టుకలోనే, రాసిన చైల్డ్, పాడిన రికీ అనే ఇద్దరు గే పురుషుల చేతులు ఉన్నాయన్న సంగతి, ఆ మగతనం ఎంత కల్పితమో చెబుతుంది.

మన భాషవాళ్ళకు ఇది తేలికగా అర్థం కావాలి. పదిహేడవ శతాబ్దంలో క్షేత్రయ్య మువ్వగోపాలుడి మీద స్త్రీ గొంతుతో పదాలు రాశాడు. ఆ పదాలలో అలిగేదీ, కోరేదీ, నిందించేదీ నాయిక. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ వేసుకుని వేదిక మీదికి వచ్చినప్పుడు ఆ వేషాన్ని వేషంగానే చూసి జనం మురిసిపోయారు. పాటలోని ‘నేను’ వేరు, పాడేవాడు వేరు అన్న ఎరుక మన పాత రసికులకు ఉండేది. పాప్ సంగీతపు వ్యాపారం ఆ ఎరుకను చెరిపివేసి బతుకుతుంది. పాటలో ప్రియుడు వేదిక దిగాక కూడా ప్రియుడుగానే ఉండాలని అది పట్టుబడుతుంది. మన సినీ కథానాయకుల అభిమానులను చూసినవారికి ఈ పట్టుదల ఎంత బలమైనదో నేను వివరించనక్కరలేదు.

ఆ పట్టుదల 2000 సంవత్సరంలో టెలివిజన్ తెర మీద నగ్నంగా కనిపించింది. అమెరికాలో పేరున్న పాత్రికేయురాలు బార్బరా వాల్టర్స్ ఆయనను ఇంటర్వ్యూ చేస్తూ, మీ గురించి వినిపిస్తున్న వదంతులకు ఒక్క మాటతో ముగింపు పలకవచ్చు కదా, అవును అనో కాదు అనో చెప్పండి అని ఒత్తిడి చేశారు. ఆయన తడబడి, అది చెప్పాలని తనకు అనిపించడం లేదని జవాబిచ్చారు. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సిందని వాల్టర్స్ పదేళ్ళ తరువాత బహిరంగంగా ఒప్పుకున్నారు. మెక్సికో మహా గాయకుడు హువాన్ గాబ్రియెల్ 2002లో ఇలాంటి ప్రశ్నకే ‘కళ్ళకు కనబడేదాన్ని అడగరు’ అని జవాబు చెప్పారు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఆ వాక్యం సామెతగా స్థిరపడిపోయింది. అందులో ఎంతో ఠీవి ఉంది, ఒక బేరం కూడా ఉంది: నువ్వు చూడు, నేను చెప్పను, ఇద్దరం కలిసి బతుకుదాం. హువాన్ గాబ్రియెల్ తన పట్టు అంగీలతో, తన కన్నీళ్ళతో, తన హొయలతో ఆ బేరాన్ని నడిపించగలిగారు. రికీ మార్టిన్‌కు ఆ బేరం అందుబాటులో లేదు. ఆయన అమ్ముతున్నది సరిగ్గా దానికి ఎదురైనదాన్ని. గే అని తనకు తెలిసిన ఇతరులను ఆ రోజుల్లో తానే వేధించానని, అదంతా తన లోపలి ద్వేషమేనని ఆయన తరువాత ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నారు. ఒక మనిషి తన మీద తాను కాపలా కాయడం ఎంత దూరం పోతుందో ఆ ఒప్పుకోలు చెబుతుంది, దాన్ని చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

2003లో ఆయన స్పానిష్‌కు తిరిగి వచ్చి చేసిన ఆల్బమ్ పేరు ‘అల్మాస్ దెల్ సిలెన్సియో’. అంటే, మౌనపు ఆత్మలు. 2006లో ఎంటీవీ కోసం వాద్యాలతో ప్రత్యక్షంగా చేసిన కచేరీలో ‘పెగాతె’ అనే పాట ఉంది. అది ప్లేనా అనే ప్వెర్టో రికో వీధి సంగీతం మీద, చేతిలో పట్టుకుని వాయించే పాందేరో డప్పుల మీద నడుస్తుంది. ఇంగ్లీషు మార్కెట్టు కోసం మెరుగుపెట్టిన ఇత్తడి బాకాల కంటే ఆ డప్పులలో ఆయన గొంతు ఎంతో తేలికగా ఉంటుంది. అంటే సంగీతంలో ఇంటికి తిరిగి రావడం, జీవితం గురించి మాట్లాడటానికి నాలుగేళ్ళ ముందే మొదలైంది. ఈ మధ్య కాలంలోనే ఆయన మన దేశానికీ వచ్చారు. 2002లో కలకత్తాలో, వీధి పాలై అక్రమ రవాణాకు గురయ్యే ప్రమాదంలో ఉన్న ముగ్గురు బాలికలను ఆదుకున్న అనుభవం తన సేవా సంస్థ దారిని మార్చిందని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. 2008 ఆగస్టులో అద్దె గర్భం ద్వారా కవల కుమారులు మతేయో, వాలెంతీనో పుట్టారు. ఆయన ఉత్తరానికి కారణాలు వెతికేవారు ముందుగా ఆ ఇద్దరు పిల్లల వైపే చూడాలి. ఇప్పటిదాకా బతికినట్టే బతకడం ఆ పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్న వెలుగును తగ్గించడమే అవుతుందని ఆ ఉత్తరంలో ఆయన రాసుకున్నారు.

అదే ఉత్తరంలో ఆయన మరొకటి రాశారు. అది చెప్పవద్దని, ఇన్నేళ్ళు కట్టుకున్నదంతా కూలిపోతుందని, నీ నిజాన్ని ఒప్పుకోవడానికి లోకం సిద్ధంగా లేదని ఆయనను ప్రేమించేవారే సలహా ఇచ్చారట. వారి భయం ఊహలోంచి పుట్టింది కాదు. ప్వెర్టో రికోలో పురుషుల మధ్య ప్రేమ 2003 దాకా శిక్షార్హమైన నేరం. ఉత్తరానికి నాలుగు నెలల ముందు, 2009 నవంబరులో, ఆ ద్వీపంలో 19 ఏళ్ళ గే యువకుడిని అతి క్రూరంగా చంపారు, ఆ హత్య అక్కడి జనాన్ని కదిలించింది. మన దేశంలో అప్పటికి ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షను మీద, గే సంబంధాలు నేరం కావని, తీర్పు ఇచ్చి తొమ్మిది నెలలే. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పికొట్టడం, 2018లో మళ్ళీ నిలబెట్టడం ఇంకా జరగాల్సి ఉన్నాయి. 2010లో ఆ మాట చెప్పడం ఇప్పుడు చెప్పడంలాంటిది కాదని గుర్తుంచుకోవాలి. ‘అందరికీ తెలిసిందే కదా’ అని తేలిగ్గా అనేవారు, అందరికీ తెలిసినదాన్ని ఒక్కడే చెప్పలేకపోవడం ఎంత బరువో ఆలోచించలేదు.

ఉత్తరం తరువాత మొదటి ఆల్బమ్ 2011 మొదట్లో వచ్చింది. పేరు ‘మూసికా + ఆల్మా + సెక్సో’. సంగీతం, ఆత్మ, లైంగికత. మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే స్పానిష్‌లో ‘మాస్’, అంటే ‘ఇంకా’ అని అర్థం. నిర్మాణంలో మళ్ళీ డెస్మండ్ చైల్డ్ చేయి ఉంది. కూలిపోతుందన్న కోట కూలలేదు. ఎక్కువ భాగం స్పానిష్‌లో ఉన్న ఆ ఆల్బమ్ అమెరికా ప్రధాన పట్టికలో మూడవ స్థానంలో అడుగుపెట్టింది. దాని ముందు వచ్చిన తొలి పాట ‘లో మెహోర్ దె మి విదా ఎరెస్ తూ’. నా జీవితంలో అన్నిటికంటే మంచిది నువ్వే అని అర్థం. స్పానిష్‌లో నతాలియా హిమెనెజ్, ఇంగ్లీషులో జాస్ స్టోన్ ఆయనతో గొంతు కలిపారు. ఇంత పెద్ద మాట చెప్పిన మనిషి వెంటనే ఒక స్త్రీతో యుగళగీతం పాడటమేమిటని కొందరు నిరాశపడ్డారు. నేను కూడా మొదట కొంచెం నిరాశపడ్డాను. పాటను మళ్ళీ మళ్ళీ విన్నాక నా అభిప్రాయం మార్చుకున్నాను.

ఆ పాటలో జరిగిన పని సర్వనామాలలో జరిగింది. ‘ఆమె’ పోయింది, ‘నువ్వు’ వచ్చింది. తెలుగులో ‘నేను’కు, ‘నువ్వు’కు లింగం లేదు, ‘వచ్చాను’, ‘వచ్చావు’ అన్నప్పుడు ఆడో మగో తెలియదు, ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్నప్పుడే బయటపడుతుంది. స్పానిష్‌లోనూ ‘తూ’ అన్న మాటకు లింగం లేదు. ప్రేమలో పడిన, ఒంటరిదైన లాంటి విశేషణం పక్కన చేరితే మాత్రం ఆడ మగ తేడా వచ్చేస్తుంది, అందుకే ఆ భాషలో పాట రాసేవాడు ప్రతి విశేషణం దగ్గరా ఒక నిర్ణయం తీసుకోవాలి. ఈ పాటలో ఆ ‘నువ్వు’ ప్రియుడు కావచ్చు, ఇంట్లో నడక నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లలు కావచ్చు, పక్కన నిలబడి పాడుతున్న గాయని కావచ్చు, వింటున్న మీరూ కావచ్చు. దాచడానికి వాడే అస్పష్టత ఒకటి ఉంది, అందరినీ పిలవడానికి వాడే విశాలత మరొకటి ఉంది. మాట ఒకటే, ‘నువ్వు’. మార్చి 2010కి ముందు అదే మాట పాడి ఉంటే అది మొదటిది అయ్యేది. తరువాత పాడినందువల్ల రెండవది అయింది. మారింది పాట కాదు, పాట వెనక నిలబడ్డ మనిషి గురించి మనకున్న ఎరుక. పాత పాటల్లో కనబడని ఆ ‘నేను’ ఇక్కడ మొదటిసారి తనకు ఏది ఇష్టమో, ఎవరంటే ప్రాణమో చెబుతుంది. అదే ఆల్బమ్‌లో ‘బాస్తా యా’ అనే నెమ్మదైన పాట కూడా ఉంది. పేరుకు అర్థం ‘ఇక చాలు’.

ఆ ఆల్బమ్ పేరుతో ప్రపంచ యాత్ర 2011 మార్చి 25న సాన్ హువాన్‌లోనే మొదలైంది, ఉత్తరానికి ఏడాది నిండటానికి నాలుగు రోజుల ముందు. సొంత ఊరి ముందు నిలబడటమే అన్నిటికంటే కష్టమైన పరీక్ష. అన్నిచోట్లా తలుపులు తెరుచుకోలేదు. ఆ ఏడాది హోండురస్‌లో మత సంఘాలు అభ్యంతరం చెబితే, 15 ఏళ్ళలోపు పిల్లలు కచేరీకి రాకూడదన్న షరతుతో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. పదమూడేళ్ళ వయసులో తానే పిల్లల కోసం పాడిన మనిషిని పిల్లలకు దూరం పెట్టడం ఎంత అన్యాయమో నాకు మాటల్లో చెప్పడం కష్టంగా ఉంది.

2012 ఏప్రిల్‌లో ఆయన న్యూయార్క్ బ్రాడ్‌వేలో ‘ఎవీటా’ సంగీత నాటకంలో ‘చే’ అనే పాత్ర వేశారు. ఆ పాత్ర ప్రియుడు కాదు; అర్జెంటీనా కథను పక్కన నిలబడి ప్రశ్నించే గొంతు. పాతికేళ్ళు జనం చూపులకు వస్తువుగా ఉన్న మనిషి ఆ నాటకంలో చూసేవాడిగా, వ్యాఖ్యానించేవాడిగా మారడం ఆయన ఎంపికల్లోని వివేకాన్ని చూపిస్తుంది. గొంతు విషయంలో ఆ నెలలు ఆయనకు మేలు చేశాయని నా నమ్మకం. తరువాతి రికార్డింగులలో పదాలను తొందరపడకుండా, అర్థం విడివిడిగా వినబడేలా పలకడం మనం గమనించవచ్చు.

ఆ మార్పు నాకు అన్నిటికంటే స్పష్టంగా వినిపించేది 2015 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఆ కియెన్ కియెరా ఎస్కుచార్’లో. వినాలనుకున్నవారికి అని ఆ పేరుకు అర్థం. ఆ పేరులోనే ఒక నెమ్మది ఉంది: అందరూ వినాలన్న ఆరాటం లేదు, ఎవరికీ సంజాయిషీ లేదు. ‘దిస్పారో అల్ కొరాసోన్’, గుండెకు తగిలిన తూటా, ఆ ఆల్బమ్‌కు ప్రాణం. గిటారు మీద మొదలై నెమ్మదిగా పెరిగే ఆ పాటలో ఆయన గొంతు గట్టిగా అరవదు. 1990ల నాటి ఆయన విరహ గీతాలను పక్కన పెట్టి వినండి; అక్కడ ప్రతి చరణం చివర గొంతు పైకి లేస్తుంది, బాధను నిరూపించాలన్నట్టుగా. ఇక్కడ నిరూపించే అవసరం తీరిపోయింది. ఆ ఆల్బమ్‌కు మరుసటి ఏడాది ఉత్తమ లాటిన్ పాప్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. ఆయన అత్యంత ప్రసిద్ధమైన పాట 1999 నాటిదే, దాన్ని ఎవరూ కాదనలేరు. ఆయన అత్యంత మంచి పాటలు మాత్రం 2010 తరువాతివని నేను నిస్సంకోచంగా అంటాను.

అంటే ఆయన నడుము ఊపడం మానేశారా? లేదు, మానేయనందుకు నాకు సంతోషం. అదే ఆల్బమ్‌లో క్యూబా గాయకుడు యోతువెల్‌తో కలిసి పాడిన ‘లా మోర్దిదీతా’ ఉంది. 2016లో కొలంబియా యువకుడు మలూమాతో కలిసి పాడిన ‘వెన్తె పా కా’ ఉంది. రెండూ యూట్యూబ్‌లో వంద కోట్లకు పైగా వీక్షణలు దాటాయి. ‘వెన్తె పా కా’ అంటే ‘ఇటు రా’ అని. మళ్ళీ ‘నువ్వు’, మళ్ళీ పిలుపు. ఒక గే పురుషుడు నలభై దాటిన వయసులో, రెగ్గెటాన్ అనే లాటిన్ నాట్య సంగీతపు ప్రభావమున్న ఉల్లాసపు పాటలో, తనకంటే రెండు దశాబ్దాలు చిన్నవాడైన గాయకుడి పక్కన నిలబడి అదే కొంటెతనంతో ఆడుతుంటే ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, పెళ్ళిళ్ళలో అమ్మమ్మలు కూడా ఆడుతున్నారు. 2000 సంవత్సరంలో సంగీత వ్యాపారులు అసాధ్యమనుకున్నది ఇదే. గాయకుడి ప్రేమ ఎవరివైపు పోతుందో తెలిస్తే శ్రోత కోరిక చచ్చిపోతుందని వారు లెక్క వేశారు. శ్రోతలు ఆ లెక్క కంటే పెద్దమనసు గలవారని తేలింది.

ఇక ఆయన బహిరంగ రూపం గురించి. 2018 జనవరిలో ఆయన, సిరియాలో పుట్టి స్వీడన్‌లో పెరిగిన చిత్రకారుడు జ్వాన్ యోసెఫ్ పెళ్ళి చేసుకున్నట్టు ప్రకటించారు. తరువాత కుమార్తె లుసీయా, కుమారుడు రెన్ ఆ ఇంటికి వచ్చారు. 2023లో ఆ దంపతులు విడిపోయారు. అదే 2018లో ఆయన ఒక టెలివిజన్ ధారావాహికలో, హత్యకు గురైన దుస్తుల రూపకర్త జాన్నీ వెర్సాచె జీవిత సహచరుడు ఆంతోనియో దామీకోగా నటించి ఎమ్మీ అనే టెలివిజన్ పురస్కారానికి నామినేట్ అయ్యారు. భర్తను పోగొట్టుకుని కూడా భర్త అని చెప్పుకునే హక్కు లేని మనిషి పాత్ర అది. తన పాతికేళ్ళ మౌనం ఆ నటనకు పనికి వచ్చిందని చూసినవారికి తెలుస్తుంది.

ఈ రూపం మీద ఒక విమర్శ ఉంది, దాన్ని నేను పక్కకు నెట్టదలచుకోలేదు. అందమైన, ధనవంతుడైన, పెళ్ళి చేసుకున్న, పిల్లలున్న గే పురుషుడిని లోకం ఒప్పుకోవడం తేలిక. నల్లజాతి ట్రాన్స్ మహిళను, పేద హిజ్రాను, నాజూకుగా నడిచే కుర్రవాడిని ఒప్పుకోదు. 2020 ఫిబ్రవరిలో ప్వెర్టో రికోలో ఇల్లు లేని ఒక ట్రాన్స్ మహిళను చంపినప్పుడు, యువ గాయకుడు బ్యాడ్ బన్నీ అమెరికా టీవీ వేదిక మీద స్కర్టు కట్టుకుని, ఆమె పేరు రాసిన చొక్కా వేసుకుని పాడారు. అలాంటి సాహసం రికీ మార్టిన్ తరం పాప్ గాయకులు చేయలేదు. ఈ విమర్శలో సగం నిజం ఉంది. మిగతా సగం ఏమిటంటే, ఆ తరువాతి తరం నిలబడిన నేలను చదును చేసినవాళ్ళలో రికీ మార్టిన్ ముందువరుసలో ఉన్నారు.

దానికి సాక్ష్యం 2019 జూలైలో దొరికింది. ప్వెర్టో రికో గవర్నరు రికార్డో రొసేయో, ఆయన సన్నిహితులు ఫోనులో రాసుకున్న సంభాషణలు 889 పేజీలు, అక్కడి పరిశోధక పాత్రికేయుల కేంద్రం ద్వారా బయటికి వచ్చాయి. ఇక్కడ మాత్రం ‘బయటపడటం’ అన్న మాట సరిగ్గా అతుకుతుంది. 2017లో వచ్చిన మరియా తుపానులో చనిపోయినవారి మీద, స్త్రీల మీద, గే పురుషుల మీద నీచమైన హాస్యాలు వాటిలో ఉన్నాయి. రికీ మార్టిన్‌ను పేరు పెట్టి, ఆయన ప్రేమను హేళన చేసిన వాక్యమూ ఉంది. పదేళ్ళ ముందు అలాంటి వాక్యం ఆయనను ఇంట్లో దాక్కునేలా చేసి ఉండేది. ఇప్పుడు ఆయన జూలై 17న పాత సాన్ హువాన్ వీధుల్లో, 22న రాజధాని పెద్ద రహదారి మీద లక్షలాది జనం మధ్య, బ్యాడ్ బన్నీ, ర్యాప్ గాయకుడు రెసిదెన్తెల పక్కన లారీ ఎక్కి, ఇంద్రధనుస్సు జెండా ఊపారు. 24వ తేదీ రాత్రి గవర్నరు రాజీనామా ప్రకటించారు. ఆ ఉద్యమం ఒక్క గాయకుడిది కాదు, తుపానులో మనుషులను పోగొట్టుకున్న జనానిది. అయితే ఆ లారీ మీద నిలబడిన మనిషిని హేళన చేయడానికి ఎవరి దగ్గరా ఇక ఏ రహస్యమూ మిగలలేదు. తొమ్మిదేళ్ళ క్రితం రాసిన ఉత్తరం ఆయనకు ఇచ్చినది అదే.

ఆ రోజుల నుంచే 2020 మే నెలలో వచ్చిన ‘పౌసా’ పుట్టింది. విరామం అని అర్థం, ఆరే పాటలు. ‘తిబురోనెస్’ అన్న పాట పేరుకు సొరచేపలు అని అర్థం. దాని దృశ్యాలలో ఆందోళన వీధులు, కవచాలు ధరించిన పోలీసులు కనిపిస్తారు. స్పెయిన్‌కు చెందిన ఫ్లామెంకో గాయకుడు దియేగో ఎల్ సిగాలాతో ఆయన ‘కియెరెమె’ పాడారు. నన్ను ప్రేమించు అని అర్థం. జిప్సీ సంప్రదాయం నుంచి వచ్చిన ఆ గరుకు గొంతు, పాప్ సంగీతంలో నునుపుదేలిన ఈ గొంతు, రెండు మగ గొంతులు ఒకదాని తరువాత ఒకటి అదే వేడుకోలును అందుకుంటాయి. ఎవరు ఎవరిని అడుగుతున్నారన్న ప్రశ్నే రాదు. నేను ఈ ప్రసంగం సిద్ధం చేసుకుంటూ ఎక్కువసార్లు విన్నది ఈ పాటనే.

కచేరీల్లో మాత్రం ఆయన ఇప్పటికీ ‘లివిన్ లా విదా లోకా’ పాడతారు. ఒక్క పదం కూడా మార్చలేదు. ‘ఆమె’ ఇంకా ‘ఆమె’గానే ఉంది, నల్ల పిల్లులూ ఉన్నాయి. 1999లో అది ఆయన గురించిన వార్తగా అమ్ముడుపోయింది. ఇప్పుడు యాభై దాటిన ఒక మనిషి, నలుగురు బిడ్డల తండ్రి, ఒకనాటి వేషాన్ని మళ్ళీ ధరించి, సంతోషంగా నడుము తిప్పుతూ ఆ పాటను పాటగా పాడుతున్నారు. కింద జనం ఆయనతో పాటు పాడుతున్నారు.

నమస్కారం.